మార్చి నెలలో ఇంటి ప్రార్థన

అమ్మలూ,

మొన్న ఫోనులో ఏడ్చినంత పని చేశావు. భస్మ బుధవారం వెళ్ళి రెండు వారాలైంది, నలుగురం కలిసి ఒక్కరోజు కూడా మోకరించలేదు పెద్దమ్మా అన్నావు. మీ ఆయనకి బ్యాంకులో ఇయర్ ఎండింగ్, పెద్దాడికి టెన్త్ పరీక్షలు, నీకు ఆఫీసు, మధ్యలో చిన్నదానికి జ్వరం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజుల ఈ శ్రమల దినాలు ఏటా సరిగ్గా ఈ హడావిడిలోనే వచ్చి పడతాయి, ఏం చేస్తాం. మాకైతే మిరప కోతలు.

అప్పటి సంగతి ఒకటి చెప్పాలి. కోతల రోజుల్లో మీ పెదనాన్న వాళ్ళ నాన్నగారు కల్లం నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటేది. కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుని బైబిలు తెరిచేవారు. ఆ ఏడు 119వ కీర్తన పట్టుకున్నారు, 176 వచనాలు! పిల్లలు గోడకి చేరబడి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్ర. ఒకరోజు ప్రార్థన మధ్యలో ఆయన కళ్ళు తుడుచుకుంటే చేతికున్న మిరప ఘాటు కళ్ళలోకి పోయి బొటబొటా నీళ్ళు కారాయి. తాతయ్య యేసయ్య కోసం ఏడుస్తున్నాడని మీ అన్నయ్య కూడా మొదలుపెట్టాడు. ఆయనకి నవ్వొచ్చి అక్కడితో ఆమెన్ అనేశారు. మర్నాడు ఆయన తీసింది 117వ కీర్తన. రెండే వచనాలు, బైబిలులో అంతకన్నా చిన్న అధ్యాయం లేదు. కోతలు అయిపోయేదాకా అలాంటి చిన్నవే చదివారు, ఎవరూ నిద్రపోలేదు.

నువ్వూ ఆ పని చెయ్యి. 120 నుంచి 134 దాకా యాత్రకీర్తనలు పదిహేను ఉన్నాయి, 132 ఒక్కటే కాస్త పెద్దది. రోజుకొకటి చొప్పున పదిహేను రాత్రులకి సరిపోతాయి. చదివేది నువ్వు కాదు, వంతులు వెయ్యి, చిన్నది తడబడినా దిద్దకు. తర్వాత ఒక చరణం పాడండి. ఒక్కొక్కళ్ళు ఆ రోజు జరిగింది ఒకటి చెప్పుకుని దానికోసమే ఒక మాట ప్రార్థన చేస్తే చాలు. మొత్తం ఏడెనిమిది నిమిషాలు. మీ ఆయన రాకపోతే ఆయన కోసం పదకొండింటిదాకా పిల్లల్ని కూర్చోబెట్టకు, వాళ్ళతో ముగించెయ్. ఆయన వచ్చి అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని అదే కీర్తన మళ్ళీ చదువు, ఆయన నములుతూ విన్నా దేవుడికేం తప్పులేదు. 127 వచ్చిన రోజు మాత్రం ఆయన్నే చదవమను. పొద్దున్నే లేచి, రాత్రి పొద్దుపోయేదాకా కష్టపడి తినడం వ్యర్థమనీ, తన ప్రియులకి దేవుడు వాళ్ళు నిద్రపోతుంటేనే ఇస్తాడనీ ఉంటుంది అందులో. మార్చి 31కి ముందు బ్యాంకువాళ్ళు వినాల్సిన మాట.

పెద్దాడి విషయంలో జాగ్రత్త. "ప్రార్థన చేసుకోకపోతే మార్కులు ఎలా వస్తాయిరా" అని నేను మీ అన్నయ్యని అన్నాను, ఒకసారి కాదు, ఆ నెలంతా. వాడికి లెక్కల్లో తక్కువొచ్చాయి. "మరి చేశాను కదమ్మా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చాలాకాలం వాడు గుడికి వచ్చినా నోరు తెరిచి పాడేవాడు కాదు, ఆ తప్పు నాదే. పరీక్షకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర తలమీద చెయ్యి పెట్టి "ప్రభువా, వీడికి తోడుగా ఉండు" అను, అంతే. హాల్ టికెట్ బైబిలులో పెట్టించే హడావిడి వద్దు. ఆ అరనిమిషం వాడికి గుర్తుంటుంది.

ఇంకోటి, నీకు కోపం వచ్చినా సరే. క్వయర్ నీదే, సండే స్కూల్ నీదే, స్త్రీల సమాజం లెక్కలూ నీవే. పైగా శుక్రవారం ఉపవాస ప్రార్థనకి భోజనాల పని. గుడిలో ఇంత చేసి ఇంటికొచ్చి పిల్లలమీద కేకలేస్తున్నానని నువ్వే అన్నావు. ఈస్టర్ దాకా ఒకటి వదిలెయ్, పాస్టరు అయ్యగారికి నేరుగా చెప్పు, ఆయనకీ పిల్లలున్నారు. మార్కు ఆరో అధ్యాయంలో వచ్చేవాళ్ళు పోయేవాళ్ళతో శిష్యులకి తినడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నది ప్రభువే. అంతెందుకు, ఈ నలభై రోజుల లెక్కలోనే ఆదివారాలు కలపలేదు మన పెద్దలు. ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కేస్తే 46 వస్తాయి, అందులో ఆరు ఆదివారాలు తీసేశారు.

ఆదివారం పొద్దున గొడవలు తగ్గాలంటే పని శనివారం రాత్రే ఉంటుంది. బట్టలు ఇస్త్రీ చేసి కుర్చీమీద పెట్టు, ఇడ్లీ పిండి రుబ్బి ఉంచు, కానుక డబ్బులు పిల్లల చేతికే ఇచ్చి వాళ్ళ బైబిళ్ళలో వాళ్ళనే పెట్టుకోమను. గుడి మెట్లమీద నువ్వు పర్సు వెతికి పది రూపాయలు చేతిలో కుక్కితే అది వాళ్ళ కానుక అవదు. ఫోను సంగతి నీకు తెలుసు, పొద్దున్నే వచ్చే వాక్యం ఫోటోలు పదిమందికి పంపడాన్ని భక్తి లెక్కలో వేసుకోకు.

గడిచిన రెండు వారాలకి బాకీ తీర్చాలని చూడకు. ఈ రాత్రి 120తో మొదలుపెట్టు, ఏడు వచనాలే.

ఈస్టర్‌కి ఇక్కడికి వచ్చేయండి, అప్పటికి పరీక్షలు ఎలాగూ అయిపోతాయి. తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్దాం. అమ్మమ్మ సమాధికి ఈసారి సున్నం పెద్దాడే వేస్తాడని మీ పెదనాన్నకి చెప్పేశాను, బకెట్, కుంచె సిద్ధం చేస్తున్నారు. కొవ్వొత్తులు మాత్రం అక్కడినుంచి తీసుకురా, ఇక్కడివి గాలికి నిలవట్లేదు.

మీ పెద్దమ్మ