బిల్లు అమ్మకం అంటోంది, చలానా అప్పగింత అంటోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. రాక్ సంగీతం మీద మక్కువతో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన బ్రిటిష్ రాక్ బృందం ఐరన్ మెయిడెన్ కచేరిలో ఒక ఫొటోగ్రాఫర్ తీసిన చిత్రాలతో పుస్తకం తెచ్చాను. బరంపురం పట్టు అట్ట, చేతి కుట్టు, మొత్తం 300 ప్రతులు. ప్రతి పుస్తకం చివరి పేజీలో నంబరు, ఫొటోగ్రాఫర్ సంతకం ఉంటాయి. ధర 4,500 రూపాయలు. విశాఖలో పుస్తకాల దుకాణం ఉన్న నా కాలేజీ మిత్రుడికి 2022 జులై 10న 90 ప్రతులు ఇచ్చాను. అతనికి 30 శాతం కమీషన్. అక్టోబరులో 22 ప్రతుల సొమ్ము అతని మేనల్లుడి ఖాతా నుంచి వచ్చింది. ఆ తర్వాత ఒక్క రూపాయి రాలేదు. మా అమ్మాయి పెళ్లిలో అన్నీ తానై నడిపించినవాడని ఇన్నాళ్లూ ఓపిక పట్టాను. 2025 ఫిబ్రవరి 9న వాట్సాప్‌లో గట్టిగా అడిగితే, 'పుస్తకాలూ లేవు, లెక్కా లేదు, చేతనైంది చేసుకో' అన్నాడు. ఈమధ్య 214వ ప్రతి ఇంటర్నెట్‌లో 11,000 రూపాయలకు అమ్మకానికి కనిపించింది. ఇక్కడి లాయరు గారు మూడేళ్లు దాటిపోయాయన్నారు. కరోనా కాలం మినహాయింపు వస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఏ దారీ లేకపోతే ఆ 68 నంబర్లూ మళ్ళీ అచ్చు వేయించి అమ్ముకుందామనుకుంటున్నాను. కాగితాలన్నీ జతచేశాను. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ మిత్రుడు ఎలాంటివాడన్నది ఈ కేసును తేల్చదు. మీరు పంపిన కాగితాల్లో అన్నిటికన్నా అడుగున ఉన్న డెలివరీ చలానా తేలుస్తుంది. దాని మీద పెన్నుతో రాసి ఉన్నది ఇది: 'అమ్మకానికి ఇచ్చిన ప్రతులు 90, నంబర్లు 201 నుంచి 290. అమ్మిన వాటి సొమ్ము మూడు నెలలకోసారి. మిగిలినవి వాపసు.' కింద దుకాణం ముద్ర, సంతకం. అంత పొడుగు లేఖలో ఈ మూడు ముక్కల గురించి మీరు ఒక్క మాట రాయలేదు.

ఇది అమ్మకమే అయితే మీ లాయరు గారు చెప్పింది నిజం. గడువు పెట్టకుండా అరువుకు అమ్మిన సరుకు ధర కోసం, కాలపరిమితి చట్టం 14వ ఆర్టికల్ ప్రకారం, సరుకు అందిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. అది 2025 జులై 10తో ముగిసింది. ఎదుటివారు అభ్యంతరం చెప్పకపోయినా అదే చట్టం సెక్షన్ 3 ప్రకారం కోర్టే ఆ దావాను కొట్టేయాలి. కరోనా మినహాయింపు మీకు పనికిరాదు. సుప్రీంకోర్టు మినహాయించింది 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు. మీ పుస్తకాలు అసలు ఆ తర్వాతే దుకాణం చేరాయి. 22 ప్రతుల సొమ్ము వచ్చిన తేదీ నుంచి లెక్కించాలన్నా, చెల్లించినవారి చేతిరాతో సంతకమో ఉన్న ఆధారం సెక్షన్ 19 అడుగుతుంది. మేనల్లుడి ఖాతా నుంచి వచ్చిన జమ దానికి చాలదు. చాలిందనుకున్నా ఆ మూడేళ్లు 2025 అక్టోబరుతో తీరిపోయాయి.

చలానా ప్రకారం చూస్తే మాత్రం లెక్క పూర్తిగా మారుతుంది. అమ్మిన వాటికే సొమ్ము, అమ్మనివి వాపసు, మధ్యలో కమీషన్ అంటే అతను మీకు కొనుగోలుదారు కాదు, ఏజెంటు. అమ్ముడుపోయేదాకా ఆ పుస్తకాలు మీవే. అడిగినప్పుడు లెక్క చెప్పడం ఏజెంటు బాధ్యత అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 213 చెబుతోంది. ఏజెన్సీ నడుస్తుండగా లెక్క అడిగితే నిరాకరించినప్పుడు, ఆ నిరాకరణ రోజు నుంచి మూడేళ్లు (కాలపరిమితి చట్టం ఆర్టికల్ 3). అప్పగించి ఉంచిన వస్తువులు తిరిగి రాబట్టుకోవడానికీ అడిగాక కాదన్న రోజు నుంచే మూడేళ్లు (అదే చట్టం ఆర్టికల్ 70). 'లెక్కా లేదు' అన్న ఆ మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో రాశారు. కేసుకు ప్రాణం పోసింది ఆ మాటే. 2028 ఫిబ్రవరి 9 వరకు మీకు గడువుంది. అలాగని అప్పటిదాకా కూర్చోకండి. అంతకుముందు మీరు అడిగిన ప్రతిసారీ అతను దాటవేసిన సందేశాల్లో ఏదో ఒకదాన్ని నిరాకరణగా చూపించి, గడువును వెనక్కి లాగడానికి ఎదుటి వకీలు తప్పక ప్రయత్నిస్తారు.

ఇక మీ అజాగ్రత్త సంగతి. 2023 మార్చి 31 తేదీతో 90 ప్రతులకూ కలిపి బిల్లు ఎందుకు వేశారు? 'ఆడిటరు గారు లెక్క సర్దుబాటుకు అడిగారు, వేశాను' అని తేలిగ్గా రాశారు. మీ పద్దు పుస్తకంలో ఆ 90 ప్రతులు అమ్మకం కింద, మిత్రుడు బాకీదారు కింద ఉన్నారు. వాపసు రావలసిన సరుకును అమ్మేసినట్టు మీరే రాసుకున్నారు. ఎదుటి పక్షానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఎవరిస్తారు? దాన్ని దాచే ఆలోచన పెట్టుకోవద్దు. వాణిజ్య దావాలో మీ దగ్గరున్న సంబంధిత పత్రాలన్నీ, మీకు వ్యతిరేకమైనవి సహా, దావాతోపాటే బయటపెట్టాలి. తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ బిల్లు అతనికి పంపారా, మీ ఫైలులోనే ఉండిపోయిందా? పంపకపోతే, ఇద్దరి మధ్య కుదిరిన షరతులను అది మార్చలేదని వాదించవచ్చు. ఆడిటరు గారు సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని ఇప్పుడే చెప్పి ఉంచండి. 2022 అక్టోబరులో అతను పంపిన 'ఇప్పటికి 22 పోయాయి' అన్న సందేశం మీ పక్షాన బలంగా నిలుస్తుంది. కొనుక్కున్నవాడు ఎన్ని పోయాయో మీకు చెప్పి, పోయినవాటికే డబ్బు కట్టడు కదా.

మళ్ళీ అచ్చు వేయించి అమ్ముకుందామనుకుంటున్నానని రాశారు. తప్పు, ఆ ఆలోచన ఇక్కడితో మానుకోండి. ఫొటోగ్రాఫర్‌తో మీ ఒప్పందంలో '300 ప్రతులకు మాత్రమే' అని స్పష్టంగా ఉంది. 301వ ప్రతి, దాని మీద ఏ నంబరు వేసినా, కాపీరైటు ఉల్లంఘనే. కాపీరైటు చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. 214వ నంబరుతో రెండు పుస్తకాలు బజారులో ఉంటే, 300 మాత్రమేనన్న మీ మాట నమ్మి కొన్నవాళ్లు మీ మీద మోసం కేసు పెడతారు, వినియోగదారుల కమిషన్‌కూ వెళతారు. ఇంగ్లండులో జెనెసిస్ పబ్లికేషన్స్ 1974 నుంచి ఇలాంటి పుస్తకాలే వేస్తోంది. బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ సంతకంతో 1980లో అది తెచ్చిన ప్రతులు 2,000. ఈ వ్యాపారంలో అమ్ముడయ్యేది కాగితంతోపాటు ఆ సంఖ్య మీద నమ్మకం.

ఇంకో నష్టం మీకు తట్టినట్టు లేదు. డబ్బు కాదు, ఆ పుస్తకాలే కావాలని అడిగే హక్కును నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 8 ఇస్తోంది. వస్తువు ఏజెంటు చేతిలో ఉన్నప్పుడు, లేదా డబ్బుతో ఆ లోటు తీరనప్పుడు ఆ హక్కు వర్తిస్తుంది. నంబరు, సంతకం ఉన్న ప్రతులకు ఇది చక్కగా సరిపోతుంది. వాటిని మీరే మళ్ళీ వేసుకుంటే, డబ్బుతో తీరని లోటు అన్న మాట ఇక ఎవరు నమ్ముతారు?

214వ ప్రతి కనిపించిందని ఉత్సాహపడకండి. అమ్ముడైన 22 ప్రతుల నంబర్లు మీ దగ్గర లేవు. మిత్రుడి దగ్గర సక్రమంగా కొన్న మనిషే దాన్ని తిరిగి అమ్ముతుండవచ్చు, అది అతని హక్కు. ఏ నంబరు ఎవరికి వెళ్లిందో రిజిస్టరు రాయకుండా పరిమిత ప్రతుల ప్రచురణ ఎలా నడిపారో నాకు అర్థం కాలేదు. ఆ ప్రకటన పేజీని తేదీ కనిపించేలా భద్రపరచండి. వీలైతే తెలిసినవారి చేత దుకాణంలోనే ఒక ప్రతి కొనిపించి, నంబరు వేసిన రసీదు తీసుకోండి.

ఇప్పుడు చేయవలసినవి. చలానా కార్బన్ కాపీని వెలుతురులో పట్టి చూడండి. అతని సంతకం మీ కాపీ మీద సిరాతో పెట్టిందైతే, అదే అసలు పత్రంగా నిలుస్తుంది. కార్బన్ అచ్చు మాత్రమే అయితే, అతని దగ్గరున్న ప్రతిని కోర్టులో హాజరుపరచమని నోటీసు ఇవ్వాలి. వాట్సాప్ సందేశాలున్న పాత ఫోను ఇంట్లో ఉందన్నారు. దాన్ని మార్పిడికి ఇవ్వద్దు, సందేశాలు చెరపవద్దు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం లేకుండా ఆ సందేశాల ప్రింట్లు చెల్లవు. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: ఏజెన్సీ రద్దు చేస్తున్నాననీ, అమ్మిన ప్రతుల లెక్క నంబర్లవారీగా, మిగిలినవి వస్తురూపంలో 15 రోజుల్లో ఇవ్వాలనీ. 'బాకీ', 'అరువు', 'అమ్మిన సరుకు' అన్న మాటలు అందులో ఎక్కడా పడకూడదు.

68 ప్రతుల విలువ ముద్రిత ధర ప్రకారమే 3,06,000 రూపాయలు. 3 లక్షలు దాటింది కాబట్టి ఇది వాణిజ్య కోర్టు దావా. సొమ్ము చేరవలసింది బరంపురానికి కనుక అక్కడా వేయవచ్చు. కానీ విశాఖలోనే వేయండి. పుస్తకాలు, ప్రతివాది, రేపు వచ్చే డిక్రీ (కోర్టు తీర్పు) అమలు అన్నీ అక్కడే. తెలుగు చలానా అక్కడి కోర్టుకు కొత్త కాదు. ఒడియాలో ఉన్న మీ పద్దులకు మాత్రం అనువాదం జతచేయాలి. దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ కాలం కాలపరిమితిలో లెక్కలోకి రాదు. అత్యవసర ఉత్తర్వు కోరితే మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా వెళ్లవచ్చు గానీ, నిరాకరించాక ఇంతకాలం ఊరుకున్న మీరు అత్యవసరం అంటే కోర్టు కారణం అడుగుతుంది. దుకాణం నుంచి నంబరుతో తాజా రసీదు దొరికితే కారణం మీ చేతిలో ఉన్నట్టే. అప్పుడు అమ్మకాలు నిలిపే ఉత్తర్వుతోపాటు, దుకాణంలో ఉన్న ప్రతుల నంబర్లు నమోదు చేయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున వెళ్లి చూసే వకీలును, నియమించాలని కూడా కోరండి. రసీదు దొరకకపోతే మధ్యవర్తిత్వానికే దరఖాస్తు చేయండి. నోటీసు గడువు ముగిసిన మరునాడే ఆ దరఖాస్తు పడాలి.