పాట అందంగా వచ్చింది, కానీ మనసుకు తగలట్లేదు. తప్పెక్కడుంది?

మీరు అడిగింది ఇదీ: ఒక ఎడబాటు పాట తీశారు, షాట్లు అందంగా వచ్చాయి, కట్లు బీట్‌కి సరిగ్గా పడ్డాయి, అయినా చూసినవాళ్లకి ఏమీ అనిపించట్లేదు. కెమెరా, ఎడిటింగ్ బాధని ఎలా చెప్తాయని.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెళ్లి వీడియోలు తీస్తాను, తీరిక దొరికితే ఆల్బమ్ పాటలు తీస్తాను. మీకొచ్చిన ఇబ్బందే నాకూ ఒక పాటలో వచ్చింది. అందుకని ఆ పాట గురించే చెప్తాను.

సూరత్ మరమగ్గాల్లో పనికి బయల్దేరే కుర్రాడు, ఇంట్లో ఉండిపోయే తల్లి. అంతే కథ. మా పక్క గంజాం జిల్లా నుంచి అలా వెళ్లేవాళ్లు ఎంతోమంది. తల్లి వేషం వేసింది మా వీధిలో పిన్ని, ఆవిడ కొడుకు నిజంగానే సూరత్‌లో ఉన్నాడు. నాలుగు నిమిషాల పాటకి నేను మొదట 170 కట్లు పెట్టాను. డప్పు దెబ్బ పడ్డ ప్రతిచోటా షాట్ మారిపోయింది. మా అత్త చూసి, "పాట బాగుందిరా, గానీ ఆ తల్లి మొకం సూడనీకుండా ఏటలా తిప్పేస్తన్నావు?" అంది.

ఆ రాత్రి తీసిన ఫుటేజ్ అంతా మళ్లీ చూశాను. ఒక షాట్‌లో పిన్ని చిన్న ఆవకాయ జాడీకి వాసెన కడుతోంది. ముడి వేసింది. జాడీ కాస్త వంచి చూసింది. ముడి విప్పి, దారం పంటితో పట్టి లాగి మళ్లీ బిగించింది. అలా చెయ్యమని నేను చెప్పలేదు. మొత్తం 11 సెకన్లు. నేను ముడి వేసిన 2 సెకన్లు వాడుకుని, విప్పి మళ్లీ కట్టినదంతా తీసేశాను! దారిలో నూనె కారుతుందేమోనన్న ఆ భయంలోనే కదా కొడుకు మీద బెంగంతా ఉంది.

ఆ 11 సెకన్లూ తిరిగి పెట్టాను. చరణం ఆఖరి పాదం మీద మొదలై, తర్వాతి బిట్ మ్యూజిక్‌లోకి సాగుతుంది. మధ్యలో బీట్లు ఎన్నో దాటిపోతాయి, కట్ లేదు. చేతులు ఆగి ఆవిడ తల ఎత్తినప్పుడు కట్ చేశాను. వాల్టర్ మర్చ్ అనే హాలీవుడ్ ఎడిటర్ ఒక కట్ మంచిదో కాదో తేల్చడానికి ఆరు కొలతలు చెప్పి, అందులో భావానికే 51 శాతం ఇచ్చాడు. లయకి 10. పాటలు తీసేవాళ్లం మనం ఆ 10 పట్టుకుని 51 వదిలేస్తున్నాం.

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. పల్లవి తిరిగొచ్చినట్టే ఫ్రేమ్ కూడా తిరిగి రావాలి. పల్లవి మాటలు మారవు, కానీ చరణం విన్నాక అవే మాటలు వేరేగా వినిపిస్తాయి. మొదటి పల్లవిలో అరుగు మీద కుర్రాడు, పక్కన తల్లి. ట్రైపాడ్ మీద 50 ఎంఎం లెన్స్, నడుం ఎత్తులో కెమెరా. కాళ్లు ఆనిన చోట సుద్దతో గుర్తు పెట్టుకున్నాం. ఆఖరి పల్లవికి అదే గుర్తు, అదే ఎత్తు, అదే లెన్స్. ఆవిడ ఒక్కర్తే ఉంది. మధ్యకి జరగకుండా, తన చోటే కూర్చుంది. సగం ఫ్రేమ్ ఖాళీ. గింబల్‌తో (కెమెరా కుదుపు లేకుండా పట్టుకుని తిరిగే స్టాండ్) చుట్టూ తిరిగి ఉంటే ఆ ఖాళీ కనిపించేదే కాదు. మీ షాట్లలో కెమెరా ఎప్పుడూ కదులుతూ ఉంటే, ముందు అక్కడ చూడండి.

పిన్ని ఏడవలేదు, నేనూ ఏడవమనలేదు. గ్లిజరిన్ అక్కర్లేదు. సుమారు వందేళ్ల కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపిస్తే, జనం ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం చూశారట. ముఖం మాత్రం మారలేదు. నేనూ పిన్ని ముఖం తర్వాత చొక్కా లేని కొక్కెం ఒక్కటి పెట్టాను.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. కుర్రాడు మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నం వైపు నడుస్తాడు. వెలుగు బాగుందని ఒక షాట్ వంతెనకి అటుపక్క నుంచి తీశాను. అప్పటిదాకా ఎడమ నుంచి కుడికి వెళ్తున్నవాడు, ఆ షాట్‌లో కుడి నుంచి ఎడమకి నడిచాడు. చూసిన స్నేహితుడు, "తిరిగొచ్చేశాడా?" అన్నాడు. పాట మొత్తం అక్కడ విరిగిపోయింది. వెలుగు ఎంత బాగున్నా ఆ షాట్ తీసేశాను. వెళ్లే దిక్కు ఒకటి అనుకుంటే, ఆవిడ చూపు కూడా అటే ఉండాలి.

స్లో మోషన్ ఒక్కచోటే వాడాను, వంతెన మీద అతను పాడుతూ వెనక్కి తిరిగినప్పుడు. పెదాలు కలవాలంటే పాటని స్పీకర్‌లో రెండింతల వేగంతో పెట్టి, సెకనుకి 50 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్‌లో సెకనుకి 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద సగం వేగానికి దించాలి. కుర్రాడు ఆ వేగంతో ముందే రిహార్సల్ చెయ్యాలి, లేకపోతే నోరు తడబడుతుంది. కలర్ సంగతి ఆఖర్న చూసుకోండి, టెన్షన్ వద్దు.

ఇప్పుడు ప్రతి పాటా అప్‌లోడ్ చేసే ముందు, తెలుగు రాని ఒడియా స్నేహితుడికి చూపిస్తాను. సాహిత్యం అర్థం కాదు కాబట్టి అతనికి బొమ్మే ఆధారం. పక్కన కూర్చుని పాట కాదు, అతని కళ్లు చూస్తాను. చూపు పక్కకి పోయిన చోట టైమ్ రాసుకుంటాను. మొదటి వెర్షన్‌లో ఆరు చోట్ల పోయింది, రెండోదాంట్లో ఒక్కచోట. మీ భాష రానివాళ్లు దొరక్కపోతే సౌండ్ తీసేసి ఎవరికైనా చూపించండి. ఆ తర్వాత రెండో చరణం ముందు బిట్ దగ్గరికి వెళ్లి, మీరు 2 సెకన్లకి కోసేసిన షాట్లు పూర్తిగా ఎంతసేపు ఉన్నాయో ఒకసారి తెరిచి చూడండి.