అల్లుడూ, ముందు పొద్దుగూకే వేళ సంగతి చూడు

అల్లుడూ,

నువ్వు పంపిన నీ గుర్రం ఫొటోలు నాలుగూ చూశాను. జూలు మధ్యలో వెంట్రుకలు తెగి పళ్లుతోముకునే బ్రష్షులా నిలబడ్డాయి, తోక మొదట్లో తోలు కనబడుతోంది, వెనకాల గోడ మూలేమో నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. రాత్రంతా అక్కడే రుద్దుకుంటోందన్నమాట. "గజ్జి పట్టింది మావయ్యా, ఏదైనా ఇంజెక్షన్ చెప్పు" అని రాశావు. ఇంజెక్షన్ పేరు చెప్పను. నేను డాక్టర్ని కాను, నలభై ఏళ్లుగా గుర్రాల లద్దె ఎత్తినవాణ్ణి అంతే. కానీ చూసినంతలో అది గజ్జిలా లేదు, నుసుమల దురదలా ఉంది.

నుసుమలంటే తెలుసుగా, సాయంత్రం కాలవ గట్టు మీద మొహం చుట్టూ ముసిరేవి. అందులో అన్నీ కుట్టవు. కుట్టే రకాన్ని డాక్టర్లు క్యూలికాయిడ్స్ అంటారు. రెండు మిల్లీమీటర్లు అటూఇటూ ఉంటుంది, మామూలు దోమ కన్నా బాగా చిన్నది. ఆడవే నెత్తురు తాగుతాయి. కుట్టినప్పుడు దాని ఉమ్మి తోల్లోకి పోతుంది, కొన్ని గుర్రాల ఒంటికి ఆ ఉమ్మి పడదు. నీకు వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు రావడం లేదా, అలాంటిదే. అందుకే ఒకే షెడ్డులో రెండు గుర్రాలుంటే ఒకటి గోడలు గీకుతుంది, రెండోది నింపాదిగా గడ్డి తింటుంది. ఇది అంటుకునేది కాదు, కాబట్టి పిల్లల్ని గుర్రమెక్కించే పని ఆపెయ్యాలేమో అన్న టెన్షన్ పెట్టుకోకు.

ముందు ఒక పని చెయ్యి. ఈరోజు సాయంత్రం ఆరుంబావు, ఆరున్నర మధ్య టార్చిలైటు పట్టుకుని గుర్రం కిందకి వంగి పొట్ట మధ్య గీత చూడు. తరవాత చెవుల లోపల, జూలు మొదట్లో. మిరియపు పొడి చల్లినట్టు నల్లగా కదులుతుంటే అవే. పగలు పదింటికి చూస్తే ఒక్కటీ కనబడదు, చాలామంది అక్కడే మోసపోతారు, "మా దగ్గర దోమలే లేవండీ" అంటారు.

దురద ఉన్న ప్రతి గుర్రానికీ ఇదే అనుకోవడానికి కూడా లేదు. ఒక్క తోక మాత్రమే రుద్దుకుని జూలు బాగుంటే నులిపురుగుల మీద అనుమానం పెట్టుకో. తోక కింద పసుపూ తెలుపూ కలిసిన పొక్కులాంటిది అంటుకుని ఉంటుంది, పొద్దున్నే కడగకముందు అక్కడ సెలోటేపు అద్ది డాక్టరుకిస్తే గుడ్లు చూసి చెప్పేస్తారు. గుండ్రంగా బిళ్లల్లా వెంట్రుకలు రాలితే తామర, అది మనుషులకీ అంటుకుంటుంది. జూలు పాయ తీసి చూస్తే పేలుంటే పేలే. నీ గుర్రానికి జూలు, తోక మొదలు, పొట్ట గీత మూడూ పోయాయి, పైగా నువ్వు చెప్పినట్టు కాలవలకి నీళ్లొచ్చాకే మొదలైంది. అయినా ఒకసారి డాక్టరుకి చూపించాకే ఏదైనా. 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు బండి వస్తుంది, కాకపోతే వాళ్లు రోజూ చూసేవి గేదెలూ ఆవులూ కాబట్టి వీలైతే గన్నవరం పశువైద్య కళాశాలకి ఒక్కసారి తోలుకురా. డీజిలు ఖర్చు చూసుకోకు.

"రెండేళ్లు లేనిది ఇప్పుడెందుకొచ్చింది" అన్నావు. నీది గుజరాత్‌లోని కథియవాడ్ నుంచి వచ్చిన గుర్రం, పొడి నేల మీద పుట్టింది. ఇక్కడేమో చుట్టూ వరిమళ్లు, కాలవలు. రాగానే రాదు, ఒకటి రెండు సీజన్లు కుట్టించుకున్నాక ఒళ్లు తిరగబడుతుంది. ఐస్‌లాండ్ అని ఒక చలిదేశం ఉంది, అక్కడ గుర్రాలను కుట్టే ఈ నుసుమలు లేవు. అక్కడ పుట్టిన గుర్రాలను ఐరోపాకి తీసుకెళ్తే చాలావాటికి ఈ దురద వస్తుందట, అవే ఐరోపాలో ఈనిన పిల్లలకి అంతగా రాదట. గన్నవరంలో ఒక డాక్టరుగారు చెబితే నాకు అప్పుడర్థమైంది, మా బయటి గుర్రాలే ఎందుకు గోడలు పాడుచేస్తున్నాయో. ఇంకో మాట, ఇది కొంత రక్తంలో కూడా వస్తుంది. ఆ ఆడగుర్రాన్ని కట్టించి పిల్ల తీద్దామన్న ఆలోచన ఉంటే మానుకో, దాని బాధ పిల్లకెందుకు.

మీ నల్లపాడు అవతల గొర్రెల మందలున్నాయిగా. వానల తరవాత వాటికి మూతి వాచి నాలుక నీలంగా మారే జబ్బు వస్తుంది, నీలి నాలుక అంటారు. దాన్ని మోసేవి కూడా ఈ నుసుమలే. ఆ జబ్బుతో నీ గుర్రానికి భయం లేదు. కానీ మందలో అది కనబడిందని గొర్రెలాయన చెప్పాడంటే నుసుమలు ముదిరాయని గుర్తు, ఆ వారం నుంచి నువ్వు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1960లో ఆఫ్రికా గుర్రాల జబ్బు మన దేశంలోకొచ్చి గుర్రాలు చచ్చినప్పుడూ మోసింది ఈ జాతే. అంత చిన్న పురుగుని తక్కువగా చూడకు.

ఇక అసలు సంగతి. దీనికి మందు కన్నా వేళ ముఖ్యం. నుసుమలు పొద్దుగూకే ముందు ఒక గంట, తరవాత రెండు గంటలు, మళ్లీ తెల్లవారుజామున దాడి చేస్తాయి. ఆ వేళల్లో గుర్రం ఎక్కడుంది అన్నదే ప్రశ్న. నువ్వేమో ఎండ తగ్గింది కదా అని సరిగ్గా అయిదున్నరకి చెరువు పక్కకి మేతకి తోలుతున్నావు. విందుకి పిలిచి వడ్డించినట్టు! నాలుగున్నరకల్లా గుర్రం షెడ్డులో ఉండాలి. మేపు పొద్దున ఏడున్నర తరవాతే.

షెడ్డులో ఫ్యాను పెట్టు. ఇంట్లో తిరిగే చిన్న టేబుల్ ఫ్యాను కాదు, పెళ్లి పందిళ్లలో పెట్టే పెద్ద స్టాండు ఫ్యాను, సెకండ్‌హ్యాండుది చాలు. నుసుమకి ఎగిరే బలం లేదు, గాలి కొంచెం గట్టిగా వీస్తే గుర్రం మీద వాలలేదు. నేను దీనికోసం వాడిన వాటన్నిటిలో రూపాయికి రూపాయి గిట్టుబాటైంది ఫ్యానే. గాలి వీపు మీదుగా, పొట్ట కిందుగా పోయేట్టు పక్కనుంచి పెట్టు. వైరు మాత్రం గుర్రం నోటికి అందకుండా పైనుంచి తియ్యి. కరెంటు పోయే సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఆ టైముకి గుమ్మానికి తెర ఉండాలి. మామూలు దోమతెర పనికిరాదు, దాని కళ్లలోంచి ఇవి దర్జాగా దూరతాయి. మీ అమ్మనడిగి పాత నైలాన్ చీరలు తీసుకుని రెండు పొరలుగా కుట్టించు, నేను అలాగే చేశాను, మా ఇంటావిడ నెలరోజులు తిట్టింది. ఇంకోటి, బల్బు షెడ్డు లోపల పెట్టకు. వెలుగుకి చేరతాయి, దూరంగా పెడితే అక్కడికి పోతాయి.

పుట్టేచోటు కూడా చూడాలి. లద్దె కలిసిన బురద వీటికి పురిటిల్లు. నీ నీళ్లతొట్టి కింద కారుతోందని పోయిన నెల నేనే చెప్పాను, ఇంకా కారుతూనే ఉందని ఫొటోలో కనబడుతోంది. ముందు అది బాగుచేయించి, అక్కడ కంకర పోయించు. లద్దె రోజూ ఎత్తి దూరంగా పొయ్యి. సాధారణంగా ఇవి పుట్టినచోటు నుంచి కొన్ని వందల మీటర్లే తిరుగుతాయి, అంచేత నీ ఆవరణ శుభ్రం చేసుకుంటే కొన్ని తగ్గుతాయి, మిగతావి పక్కవాళ్ల గేదెల దగ్గర్నుంచి వస్తాయి, వాళ్లతో గొడవ పెట్టుకోకు, పండక్కి స్వీటు డబ్బా ఇచ్చి మురుగ్గుంట పూడ్పించుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా గుణదల వైపు కూడా ఎన్ని వారాలు ఈ బాధ పడ్డామో నాకు తెలుసు. బురద ఆరేదాకా గుర్రాలకి నిద్రలేదు, నాకూ లేదు.

వేపాకు పొగ అందరూ వేస్తారు. వెయ్యి, కానీ షెడ్డు బయట, గాలి వచ్చే వైపు. మూసిన షెడ్డులో పొగ పెడితే దురద తగ్గి దగ్గు మొదలవుతుంది.

తోలు సంగతి. చన్నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు, ఖరారాతో, అదే గుర్రాన్ని తోమే పళ్ల బ్రష్షుతో, గట్టిగా గీరకు, దానికి హాయిగానే ఉంటుంది కానీ పుండవుతుంది. రుద్దుకునే చోట మేకులూ రేకు అంచులూ లేకుండా చూడు. నాలుగింటికి కొబ్బరినూనెలో కొంచెం వేపనూనె కలిపి జూలు మొదట్లో, తోక మొదట్లో, పొట్ట గీత మీద రాయి. నూనెకి నుసుమ అతుక్కుపోతుంది. ముందురోజు చేతి వెడల్పంత చోట రాసి చూసుకో, కొన్నిటికి వేపనూనే పడదు. మధ్యాహ్నం ఎండలో మాత్రం రాయకు. మనుషుల గజ్జికి వాడే బెంజైల్ బెంజోయేట్ కూడా పనిచేస్తుంది, కానీ తోలు పగలని చోటే, పచ్చి పుండు మీద పోస్తే అది నిన్ను తన్నినా తప్పు దానిది కాదు. పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ రకాల పురుగుమందులు గుర్రాలకి వాడతారు, ఎన్ని నీళ్లలో ఎంత అన్నది డాక్టర్ని అడిగి రాసుకో. ఆ నీళ్లు పక్కన చేపల చెరువులోకి పోకూడదు, మీ పిల్లి ఆ చుట్టుపక్కల ఉండకూడదు, రెండూ చచ్చిపోతాయి. చెమటకీ వానకీ ఈ మందు కరిగిపోతుందని కూడా గుర్తుంచుకో, ఒకసారి రాసి వారం కూర్చుంటే లాభం లేదు.

నా తప్పు ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పింది కాదు. చాలా ఏళ్ల కిందట ఇలాగే దురదలొస్తే ఒక మందుల షాపులో గేదెల పిడుదులకి వాడే మందు ఇచ్చారు, అమిట్రాజ్. గేదెకి మంచిదే. నేను డాక్టర్ని అడగకుండా ఒళ్లంతా కడిగాను. మర్నాటికి గుర్రం లద్దె వెయ్యలేదు, తల తిప్పి పొట్ట వైపు చూసుకోవడం, పడుకుని దొర్లడం. ఆ మందు గుర్రం పేగులని కదలకుండా చేస్తుందట. రెండు రాత్రులు ఏలూరు కాలవ గట్టు మీద నడిపించాం, డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు, ఎలాగో బతికింది. అమిట్రాజ్ వద్దు అని చీటీ మీద రాసి షెడ్డు తలుపుకి అంటించు. పశువులకి పురుగులు పోవడానికిచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కూడా గుర్రానికి పొడిపించకు, గుర్రాలకి నోట్లో పెట్టే పేస్టు వేరే ఉంది. కిరసనాయిలు, వాడేసిన ఇంజనాయిలు సంగతి మీ నాన్న చెబుతాడు, విననట్టు ఊరుకో.

నువ్వడిగిన ఇంజెక్షన్ స్టిరాయిడే అయుంటుంది. ఒక్క రోజులో దురద మాయమవుతుంది, అందుకే అందరికీ అదంటే మోజు. మరీ తట్టుకోలేక ఒళ్లు చీరుకుంటుంటే డాక్టరే ఇస్తారు, ఇవ్వనీ. కానీ నీ అంతట నువ్వు నెలనెలా వేయిస్తే గిట్టల లోపల వాచి గుర్రం నిలబడలేని స్థితి వస్తుంది, అందులోనూ నువ్వు ఉలవ గుగ్గిళ్లు దండిగా పెట్టే రకం. నుసుమలు కుడుతూనే ఉంటే ఇంజెక్షన్ దిగగానే దురద మళ్లీ మొదటికొస్తుంది.

పుండు పడితే రోజుకి రెండుసార్లు చూడు, ఈ కాలంలో ఈగ వాలి పురుగు పడటానికి ఒక్క రోజు చాలు. జ్వరం, పొట్ట కింద నీరు, నీరసం ఉంటే అది దురద కథ కాదు, జోరీగలు మోసే సర్రా అనే నెత్తురు జబ్బు కావచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పో.

గుర్రం మీద బట్ట కప్పుదామా అన్నావు. విదేశాల్లో మెడ నుంచి తోక దాకా కప్పే బట్టలు వేస్తారు, మన ఉక్కకి పగలు అది వేస్తే గుర్రం ఉడికిపోతుంది. సాయంత్రం మూడు గంటలు పల్చటి నూలు దుప్పటి, పొట్ట కిందకి కూడా వచ్చేట్టు, అంతవరకే.

శ్రావణం ముహూర్తాలు ఉన్నాయని తెలుసు. ఊరేగింపులన్నీ సరిగ్గా ఆ చెడ్డ వేళకే మొదలవుతాయి, పైగా జరీ జీను కింద ఆ తోలు ఒరుసుకుంటే జూలు మొదలు పచ్చిపుండే. శుక్రవారం పెళ్లికి నీ గుర్రాన్ని పంపకు. అడ్వాన్సు తీసుకున్నావు కాబట్టి మాటపోకూడదు, నా తెల్లదాన్ని పంపిస్తాను, వ్యాను డీజిలు మాత్రం నువ్వు పెట్టుకో. సాయంత్రం టార్చి వేసి చూశాక పొట్ట గీత ఫొటో పంపు, తొట్టి కింద కంకర ఫొటో కూడా.

మావయ్య
గుణదల