కోల్‌ట్రేన్ ‘లైవ్ ఇన్ జపాన్’ ఎక్కడ మొదలుపెట్టాలి?

జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ ‘మై ఫేవరెట్ థింగ్స్’ స్టూడియో రికార్డింగ్ ఎంతో ఇష్టమని, అదే పాట ఆయన కచేరీల ఆల్బమ్ ‘లైవ్ ఇన్ జపాన్’లో పెడితే ఎంతకీ మొదలవడం లేదని, మొదలయ్యాక అంతా గోలగా ఉందని మీరు అన్నారు. దీన్ని ఎలా వినాలని మీ ప్రశ్న.

నా సలహా, ముందు ఆ పాటను పక్కన పెట్టండి. 1960 నాటి రికార్డింగ్ 14 నిమిషాల లోపే. 1966 జులై 22న టోక్యోలో వాయించింది 57 నిమిషాలు! అందులో దాదాపు పావుగంట జిమ్మీ గారిసన్ ఒక్కడే బాస్ వాయిస్తాడు. పాత రికార్డు మనసులో పెట్టుకుని వింటే చిరాకు తప్ప ఏమీ మిగలదు. మనుషులు కూడా మారిపోయారు. పాత రికార్డులో పియానో వాయించిన మెకాయ్ టైనర్, డ్రమ్స్ వాయించిన ఎల్విన్ జోన్స్ అప్పటికే బ్యాండ్ వదిలేశారు. పియానో మీద ఆలిస్ కోల్‌ట్రేన్, డ్రమ్స్ మీద రషీద్ అలీ, రెండో శాక్సఫోన్ ఫారో శాండర్స్.

నాకు దారి చూపింది ఇదే ఆల్బమ్‌లోని ‘పీస్ ఆన్ ఎర్త్’. రమారమి పాతిక నిమిషాలు, నిదానంగా సాగుతుంది. ఆల్బమ్‌లో ఇది రెండుసార్లు ఉంది, జులై 11న ఒకటి, 22న ఒకటి. ఆ మధ్యలోనే కోల్‌ట్రేన్ నాగసాకి వెళ్లి అణుబాంబు మృతుల స్మారకం దగ్గర ప్రార్థన చేశారు. అలాగని అది చూశాక కట్టిన పాట అనుకోవడానికి లేదు, 11ననే వాయించేశారు కదా. రెండూ పక్కపక్కన విని చూడండి. నాకైతే 22 నాటిదే ఎక్కువ నచ్చుతుంది, కారణం అడిగితే చెప్పలేను.

ఇక గోల సంగతి. రషీద్ అలీ దగ్గర తాళం లెక్కపెట్టకండి, దొరకదు. ఆయన డ్రమ్స్ దరువు వేయవు, ఆగకుండా కదులుతూనే ఉంటాయి. నేను లెక్క మానేసి ఆలిస్ పియానోను పట్టుకున్నాను. శాండర్స్ కేకలు పెట్టే చోట కూడా అది చెవికి ఆధారంగా ఉంటుంది. ఇది అలవాటయ్యాక ‘మై ఫేవరెట్ థింగ్స్’కి రండి. కచేరీలో ఆలాపన వింటూ పల్లవి ఎప్పుడొస్తుందా అని గడియారం చూడం కదా, గారిసన్ బాస్‌ను కూడా అలాగే వినండి.

బస్సులో మాత్రం వద్దు. నేను విన్నాను. ఇంజిన్ మోతలో బాస్ పూర్తిగా మాయమై శాక్సఫోన్ అరుపులే మిగిలాయి. పైగా ఇవి జపాన్ రేడియో కోసం చేసిన రికార్డింగులు, స్టూడియో శుభ్రత ఆశించలేం. ఇంట్లో, మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి.

ఇదే ఆల్బమ్‌లోని 54 నిమిషాల ‘క్రెసెంట్’ చివరికి ఉంచుకోండి. అది నాకు ఇప్పటికీ ఒక్క బిగిన వినడం కష్టమే.