ముందు చెవి, తరువాత మాట: బడిలో పాఠం చెప్పే అమ్మాయికి

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తరగతిలోని ముగ్గురు పిల్లల సంగతి వివరంగా రాసి, చివరన నీ గొంతు కూడా సాయంత్రానికి బొంగురుపోతున్నదని ఒక్క ముక్క కలిపావు. ఆ ముగ్గురినీ "మాట సరిగా రాని పిల్లలు" అని ఒకే గాటన కట్టావు గానీ, ప్రభుత్వ ఆసుపత్రి చెవి ముక్కు గొంతు విభాగంలో వినికిడి పరీక్షలు చేస్తూ, పిల్లలకు మాట నేర్పుతూ ఉద్యోగమంతా గడిపిన నాకు వారు మూడు వేర్వేరు దారుల్లో వెళ్ళవలసిన పిల్లలుగా కనబడుతున్నారు. ఒకడిది వినికిడి సమస్య కావచ్చు, ఒకతెది పలుకు సమస్య, మూడవవాడిది మాట ధారకు సంబంధించినది. నీది గొంతు సమస్య. దేని వైద్యం దానిదే. అయినా ఆ ముగ్గురు పిల్లలకూ వర్తించే నియమం ఒకటి ఉంది: పిల్లల మాటలో ఏ తేడా కనబడినా, పేరు పెట్టేముందు చెవి పరీక్ష చేయించాలి. వినబడని ధ్వనిని ఏ పిల్లవాడూ పలకలేడు.

చివరి బెంచీలో కూర్చునే పిల్లవాడి సంగతి ముందు చెబుతాను. పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడనీ, ఒక్కోసారి పలకడనీ, అందుకే మీ హెడ్‌మాస్టరు అతన్ని మొండివాడంటున్నారనీ రాశావు. వినికిడి లోపమంటే పూర్తి నిశ్శబ్దమని అందరూ అనుకుంటారు గానీ, మన బడులకు వచ్చే లోపమున్న పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది సగం వినికిడి. ఆ, ఊ, మ్ వంటి ధ్వనులు చెవికి అందుతాయి. స, ష వంటి సన్నని ధ్వనులు అందవు. అందువల్ల పిలిచారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. దానికి తోడు చెవి కారే పిల్లలకూ, కర్ణభేరి వెనుక నీరు చేరిన పిల్లలకూ జలుబు చేసిన వారంలో ఒక తీరుగా, తగ్గిన వారంలో మరొక తీరుగా వినబడుతుంది. ఇలా రోజుకో రకంగా ఉండే పిల్లవాణ్ణే పెద్దలు మొండివాడంటారు. దిండు మీద మరక పడుతున్నదా, చెవి వాసన వస్తున్నదా అని వాళ్ళ అమ్మను అడుగు. వెచ్చటి నూనె, ఆకు పసరు పోస్తున్నారేమో కూడా అడుగు. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో అవి పోయడం మంచిది కాదు.

నీవు బడిలోనే చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊరి చుట్టూ బండల పాలిష్ మిషన్లు ఉన్నాయి గనుక అవి ఆగి ఉన్న పూట చూసుకుని, పిల్లవాడి వెనుక ఒక మీటరు దూరంలో నిలబడి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అనే ఆరు ధ్వనులను మామూలు గొంతుతో, క్రమం మారుస్తూ, మధ్య మధ్య ఎడం ఇస్తూ పలుకు. విన్నది విన్నట్టు అనమని ముందే చెప్పు. తరువాత మూడు మీటర్లకు జరిగి మళ్ళీ పలుకు. ఈ ఆరూ మాటలోని లోతైన ధ్వని నుంచి సన్నని ధ్వని వరకు విస్తరించి ఉంటాయి. మ్, ఊ పట్టుకుని ష్, స్ వదిలేశాడంటే ఆసుపత్రికి పంపవలసినదేనని నిర్ణయించుకో. అన్నీ పట్టుకున్నా అనుమానం తీరకపోతే అప్పుడూ పంపు; ఇది రోగ నిర్ధారణ కాదు, పంపాలా వద్దా అని తేల్చుకునే గుర్తు మాత్రమే.

ఆసుపత్రిలో ముందు డాక్టరు చెవిలోకి చూస్తారు. గులిమి, చీము, చిల్లు అక్కడే తెలుస్తాయి. తరువాత ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్ష చేసే నిపుణులు, శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి లోతైన ధ్వని నుంచి సన్నని ధ్వని దాకా, అంటే 250 నుంచి 8000 హెర్ట్జ్‌ల వరకు ఒక్కొక్క స్థాయిలో ఎంత చిన్న ధ్వని వినగలడో గీత గీస్తారు. ఆ కాగితంలో ఎర్ర సున్నాలు కుడి చెవికి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవికి. గుర్తులు కిందికి దిగినకొద్దీ లోపం ఎక్కువ. చెప్పినట్టు చేయలేని చిన్న పిల్లలకు నిద్రపుచ్చి, ధ్వనికి చెవి నరమూ మెదడూ ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష చేస్తారు.

ఇక్కడ నీవు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతను కొలిచే లెక్క) లోపం ఉంటే పాక్షిక వినికిడి, 70, ఆ పైన ఉంటే చెవుడు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. అంటే 45 డెసిబెల్స్ లోపం ఉన్న పిల్లవాడికి వినికిడి పేరిట సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) రాకపోవచ్చు గానీ, మిషన్ల హోరులో నీవు చెప్పే పాఠంలో చాలా భాగం అతనికి అందదు. సర్టిఫికెట్ రాలేదు గనుక లోపం లేదని తల్లిదండ్రులు ఇంటికి వెళ్ళిపోతారు. మన జిల్లాలో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అటువంటి పిల్లవాడికి వినికిడి యంత్రమూ, ముందు బెంచీ, నీ ముఖం మీద వెలుతురూ కావాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దు. అరవవద్దు కూడా, అరిస్తే పెదవుల కదలిక మారిపోయి ఉన్న ఆధారం కూడా పోతుంది.

యంత్రం వస్తే దాని సంగతి కొంత నీవే చూడవలసి వస్తుంది. దాని బిళ్ళ బ్యాటరీకి అంటించిన కాగితం ఊడదీస్తే గాలి తగిలి పని మొదలవుతుంది, కాబట్టి ఊడదీసి ఒక నిమిషం ఆగి లోపల పెట్టాలి. మళ్ళీ కాగితం అంటిస్తే ఆదా అవుతుందనుకోవడం భ్రమ. చెవిలో కూయ్ మని మోగుతున్నదంటే చెవి కొలతకు చేసి లోపల అమర్చే అచ్చు వదులైందని; పిల్లలు ఎదుగుతారు గనుక అచ్చు మారుస్తూ ఉండాలి. మన ఎండలకు చెమట పట్టి చెడిపోయేవే ఎక్కువ, ఆటకు వెళ్ళి వచ్చాక తుడిపించు.

వాళ్ళ అమ్మానాన్నలది మేనరికమని రాశావు. ఇద్దరికీ చక్కగా వినబడుతున్నా, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యు లోపం బిడ్డలో కలిసినప్పుడు చెవుడు రావచ్చు. కనెక్సిన్ 26 జన్యువు ఇందులో బాగా తెలిసినది. "మా వంశంలో ఎవరికీ లేదు" అనే మాట అందుకే ఏమీ తేల్చదు. ఇది ఆ తల్లిని నిందించడానికి కాదు, ఇంట్లో ఉన్న చంటిబిడ్డకు పరీక్ష చేయించడానికి పనికివచ్చే సమాచారం. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో యంత్రమూ శిక్షణా మొదలు కావాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) కావాలన్నా అయిదేళ్ళు దాటకూడదు. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి" అంటూ ముసలివాళ్ళు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తూ కూర్చుంటే ఆ వయసు చేజారిపోతుంది.

"కాకి"ని "తాతి" అనే అమ్మాయి విషయం ఇంత చిక్కుది కాదు. నాలుక వెనుక భాగం లేవవలసిన చోట ముందు భాగం లేస్తున్నది. సాధారణంగా నాలుగేళ్ళకు సర్దుకునేది రెండవ తరగతికి వచ్చినా మిగిలితే, వినికిడి బాగున్నదని తేల్చుకున్నాక, స్పీచ్ థెరపీ ఇప్పించాలి. అందరి ముందు "కాకి అను, మళ్ళీ అను" అని పదిసార్లు అనిపించవద్దు. "అవును, కాకి ఎగిరిపోయింది" అని సరైన మాట నీ జవాబులో వినిపిస్తే చాలు. నాలుక కింద నరం కోయిస్తే మాట వస్తుందని ఎవరైనా అంటే తొందరపడవద్దు; మాట ఆలస్యానికి అది కారణం కావడం అరుదు. మీ బడికి కోస్తా నుంచి వచ్చిన పంతులుగారు "యాడికి", "ఏమప్పా" అనే పిల్లలను కూడా పలుకు సరిలేనివాళ్ళ జాబితాలో రాశారని చదివి నవ్వుకున్నాను. అది మన సీమ మాట, రోగం కాదని ఆయనకు నా మాటగా చెప్పు.

నత్తి ఉన్న పిల్లవాడి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అతనికి మేలూ కీడూ రెండూ తరగతి గదిలోనే జరుగుతాయి. నత్తి సాధారణంగా రెండు నుంచి అయిదేళ్ళ మధ్య మొదలవుతుంది. వందమంది పిల్లల్లో అయిదుగురికి ఏదో ఒక దశలో కనబడి, చాలామందికి దానంతట అదే తగ్గి, పెద్దవాళ్ళలో వందకు ఒకరికి మిగులుతుంది. అలా మిగిలేది ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. భయం వల్ల పుట్టేది కాదు, ఎవరినో వెక్కిరిస్తే అంటుకునేదీ కాదు. ఎక్కాలు అందరితో కలిసి గడగడా చెబుతాడు గనుక విడిగా అడిగినప్పుడు నటిస్తున్నాడని వాళ్ళ నాన్న అన్నాడట. కలిసి చదివేటప్పుడు, పాడేటప్పుడు నత్తి తగ్గిపోవడం ఆ లోపం స్వభావమే. అతనికి అన్నిటికంటే కష్టమైనది హాజరు పట్టీ. వంతు దగ్గరపడేకొద్దీ ఆ ఒక్క మాటనే, మార్చడానికి వీలులేకుండా, చెప్పవలసి వస్తుంది. ఒంటరిగా పిలిచి, చెయ్యి ఎత్తితే చాలునా, వేరే మాట అంటావా అని అతన్నే అడుగు. మాట్లాడుతూ ఆగిపోతే "నిదానంగా చెప్పు", "గాలి పీల్చుకో" అనవద్దు, వాక్యం నీవు పూర్తి చేయవద్దు. అతని ముఖం చూస్తూ ఆగి, చెప్పిన విషయానికి జవాబివ్వు. గులకరాళ్ళు నోట్లో పెట్టించే వైద్యం ఎవరు చెప్పినా ఒప్పుకోకు. థెరపిస్టు దగ్గర కొన్ని నెలలు పని జరిగాక కూడా కష్టంగా ఉంటే, నేను చదువుకున్న మైసూరు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్ళవచ్చు. 1965లో మొదలైన ఆ సంస్థ మనకు బెంగళూరు దాటితే దగ్గరే.

పిల్లలను పంపేటప్పుడు చీటీలో "చెవిటివాడు", "నత్తివాడు" అని రాయవద్దు. "వెనుక నుంచి మూడు మీటర్లలో ష్, స్ అనలేదు" అని నీవు చూసినది రాయి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరుకు ఒక ప్రతి ఇవ్వు.

ఇక నీ గొంతు. మిషన్ల హోరు మీద నెగ్గడానికి తెలియకుండానే గొంతు పెంచుతున్నావు. ఆడవాళ్ళ స్వరతంత్రులు మామూలుగానే సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గట్టిగా అరిచినప్పుడు ఆ తాకిడి పెరిగి, పార పట్టిన చేతికి కాయలు కాచినట్టు వాటి అంచున బుడిపెలు లేస్తాయి. చాలామందికి గొంతు వాడే పద్ధతి మార్చుకుంటే కోత లేకుండానే తగ్గుతాయి. నీళ్ళు తాగుతూ ఉండు, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మాను, పిల్లలను నిశ్శబ్దం చేయడానికి చప్పట్లో గంటో వాడు. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకోవద్దు. మాట్లాడకుండా ఉండటమే విశ్రాంతి. మూడు వారాలు దాటిన బొంగురును ఎవరిదైనా సరే డాక్టరు గొట్టంతో లోపలికి చూడాలి. బీడీ, గుట్కా అలవాటున్న మీ మామగారికి ఈ మాట మరీ ముఖ్యం, వారికి చూడవలసినది క్యాన్సర్ కోసం.

దసరా సెలవుల దాకా ఆగవద్దు. వచ్చే శనివారం ఆ చివరి బెంచీ పిల్లవాణ్ణీ, వాళ్ళ అమ్మనూ, చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని పొద్దున్నే సర్వజనాసుపత్రికి రా. అక్కడ వారి చీటీలతోపాటు నీ చీటీ కూడా రాయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ