సినిమా మొత్తం వద్దు మేడం, ఏడెనిమిది నిమిషాల ముక్క చాలు

కావలి మేడం గారూ, తొమ్మిదో క్లాసు పిలకాయలకి న్యాయం గురించి చెప్దామని జై భీమ్ సినిమా మొత్తం పెడితే సగంలో బెల్ కొట్టేశారు, మిగతాదంతా గోలే అన్నారు కదా. నేనూ సోషలే చెప్తా, మొదట్లో ఇదే తప్పు చేశా.

కోర్టు సీను ఒక్కటే తీసుకోండి. వేసేముందు బోర్డు మీద ఒకే ప్రశ్న రాయండి, పోలీసులు పట్టుకుపోయిన మనిషి కనపడకపోతే ఇంట్లోవాళ్ళు ఎవర్ని అడగాలి అని. సీను మధ్యలో ఆపేసి జడ్జి ఏం చేస్తాడో వాళ్ళనే చెప్పమనండి, అప్పుడు హెబియస్ కార్పస్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మని జడ్జి ఇచ్చే ఆర్డరు) అంటే ఏందో, దానికోసం సుప్రీంకోర్టుకి పోనిచ్చే ఆర్టికల్ 32, హైకోర్టుకి పోనిచ్చే 226 ఏందో చెప్తే బుర్రకెక్కుద్ది. అది 1993లో తమిళనాడులో నిజంగా జరిగిన కేసు ఆధారంగా తీశారని మాత్రం తప్పకుండా చెప్పండి.

కొట్టే సీన్లు అసలు వద్దు. సినిమాలో దెబ్బలు తినేది గిరిజనులే కదా, మీ క్లాసులో యానాదుల (మన వైపు గిరిజనులు) పిలకాయలు ఉంటే అందరూ వాళ్ళవైపే తిరిగి చూస్తారు, ఆ బాధ నేను కళ్ళారా చూశా.

తర్వాత పీరియడ్‌లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు 1992లో సారా మీద ఎట్టా తిరగబడ్డారో ఇంట్లో అవ్వల్ని అడిగి రాసుకురమ్మనండి.