అమెరికా డీవీడీ తిరుపతి ప్లేయర్‌లో ఆడట్లేదా?

డిస్క్ పాడై ఉండదన్నా. అనుకోకుండా తండ్రైన కుర్రాడి కామెడీ సినిమా డీవీడీ అమెరికా నుంచి తెప్పించారు కదా, అది రీజియన్ 1 (రీజియన్ అంటే డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె). తిరుపతిలో కొన్న ప్లేయర్ రీజియన్ 5. అందుకే తెర మీద ఆ రీజియన్ ఎర్రర్.

1. అట్ట వెనక భూగోళం గుర్తులో అంకె చూడండి. 1 ఉంటే సంగతి ఇదే.
2. లాప్‌టాప్ డ్రైవ్‌లో పెట్టి ముందు వీఎల్‌సీలో (ఉచిత వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్) ఆడించండి. చాలా డ్రైవ్‌లలో రీజియన్ మార్చకుండానే ఆడుతుంది.
3. ఆడకపోతేనే విండోస్‌లో డివైస్ మేనేజర్, డ్రైవ్ ప్రాపర్టీస్, డీవీడీ రీజియన్‌లోకి వెళ్లి డ్రైవ్ రీజియన్ 1కి మార్చండి.

చాలామంది చూడనిది ఇక్కడే: మార్చేముందు ఇంకెన్నిసార్లు మిగిలాయో అక్కడే రాసి ఉంటుంది. మొత్తం 5 సార్లే. ఆఖరిసారి పెట్టిందే శాశ్వతం. లెక్క డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి విండోస్ మళ్లీ వేసినా తిరిగి రాదు.

పెట్టెలో బ్లూరే డిస్క్ కూడా ఉండి, మీ దగ్గర బ్లూరే ప్లేయర్ ఉంటే అదీ వేసి చూడండి, కొన్నిటికి రీజియన్ లాక్ ఉండదు. మామూలు డీవీడీ ప్లేయర్‌లో బ్లూరే ఆడదు.